ఊరికీ ఊరికీ మధ్య ఒక పేజీ

1992 చివరి నెలల్లో ఈనాడు పత్రిక తిరగేసిన వాళ్ల కళ్లు ఒక పేజీ దగ్గర ఆగేవి. పైన 'సారాపై సమరం' అని పేరు. కింద వరసగా ఊళ్ల పేర్లు. ఒక ఊళ్లో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఇంకో ఊళ్లో ప్యాకెట్లు తెచ్చిన బండిని పొలిమేరలోనే ఆపి వెనక్కి పంపారు. మరోచోట సరుకంతా వీధిలో కుప్ప పోసి తగలబెట్టారు. ఆ ఊళ్లలో చాలావాటి పేర్లు అంతకుముందు పేపర్లో పడి ఉంటే, అది ఏ బస్సు బోల్తాపడ్డప్పుడో, ఏ పిడుగు పడ్డప్పుడో అయి ఉంటుంది.

ఏడాది తిరిగేసరికి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రెండేళ్లకు సంపూర్ణ మద్యనిషేధం హామీతో ప్రభుత్వమే మారింది. పత్రికలు ప్రజాభిప్రాయాన్ని ఎలా మలుస్తాయన్న మాట వస్తే తెలుగువాళ్లు ఇప్పటికీ ముందు ఈ కథే ఎత్తుకుంటారు. చెప్పే తీరులోనే కాస్త తిరకాసు ఉంది. పత్రిక పూనుకుంది, ఉద్యమం పుట్టింది, ప్రభుత్వం దిగివచ్చింది అన్నట్టు సాగుతుంది. నిజానికి వరస అది కాదు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు కొట్టు మూయించిన నాటికి వాళ్ల వెనక ఏ పత్రికా లేదు. వాళ్ల చేతిలో ఉన్నది పలక, ఒక వాచకం.

అసలు సంగతి సారాతో మొదలుపెట్టాలి. ఆ సరుకు పల్లెల్లోకి అంతగా చొచ్చుకుపోవడానికి దారి వేసింది ప్రభుత్వమే. 1980లలో 'వారుణి వాహిని' అన్న అందమైన పేరు పెట్టి సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి అమ్మించింది. సీసా అక్కర్లేదు, గ్లాసు అక్కర్లేదు, కొట్టు దాకా నడవనూ అక్కర్లేదు. ప్యాకెట్ పొలం గట్టు మీదికే వచ్చేది. వేలంపాటలో లక్షలు పోసి దుకాణాలు దక్కించుకున్న కాంట్రాక్టర్లు ఆ డబ్బు రాబట్టుకోవాలంటే అమ్మకం పెంచక తప్పదు. అమ్మకం పెరిగితే ఖజానాకూ లాభమే. రాష్ట్రానికి 1970-71లో 39 కోట్ల రూపాయలున్న ఎక్సైజ్ రాబడి 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. అది ఎవరి జేబుల్లోంచి వచ్చిందో చెప్పడానికి ఆర్థికవేత్తలు అక్కర్లేదు. పొద్దంతా నాట్లు వేసి, కోతలు కోసి తెచ్చుకున్న కూలి ఇంటి గడప తొక్కకముందే సగానికి సగం కరిగిపోయేది. మిగిలిన సగం కోసం రాత్రి ఇంట్లో కొట్లాట.

ఇంకోవైపు అక్షరాస్యత ఉద్యమం. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి 33 మంది కూడా లేరు. ఆ ఏడాదే నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థల కార్యకర్తలు, కళాజాత బృందాలు ఊరూరా తిరిగాయి. పగలు కూలికి పోయే ఆడవాళ్లు రాత్రి బడికి వచ్చారు. వాళ్లకిచ్చిన వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. తాగుడు ఒక ఇంటిని ఎలా నాశనం చేసిందో చెప్పే కథ. అ, ఆలు దిద్దించడానికి రాసిన పాఠం దూబగుంటలో అక్షరాల దగ్గర ఆగలేదు. ఇది మన ఊరి సంగతే కదా అన్నారు. వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. ఊళ్లో కొట్టు మూతపడింది.

అక్షరాస్యత కార్యకర్తలు ఆ తర్వాత చేసిన పని చిన్నదే. ఫలితం మాత్రం అంతా ఇంతా కాదు. దూబగుంటలో జరిగినదాన్నే తర్వాతి వాచకంలో పాఠంగా పెట్టారు. దాని పేరు 'ఆడవాళ్లు ఏకమైతే'. జిల్లాలో రాత్రిబడి నడిచిన ప్రతి ఊళ్లో ఆ పాఠం చదివారు. ఒక ఊళ్లో జరిగింది పాఠమై ఇంకో ఊరికి, అక్కడినుంచి మరో ఊరికి పాకింది. అంటే ఈ ఉద్యమానికి తొలి వార్తాపత్రిక ఆ వాచకమే. విలేకరి లేడు, సంపాదకుడు లేడు. వార్త మాత్రం చేరాల్సిన చోటికి చేరింది.

పత్రికలు రంగంలోకి దిగింది ఆ తర్వాతే.

దిగడానికి వీలుగా అప్పటికే ఒక ఏర్పాటు తయారై ఉంది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైనప్పుడు దాని ప్రత్యేకత తెల్లవారకముందే గుమ్మంలో పడటం. అంతవరకూ విశాఖవాసులకు విజయవాడ నుంచి పేపరు వచ్చేసరికి పొద్దెక్కేది. 1980ల మధ్యలో రాష్ట్రంలో తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. మండల కేంద్రం అంటే ఒక పోలీసు స్టేషన్, ఒక ఎమ్మార్వో ఆఫీసు, ఒక బస్టాండ్. పత్రికల లెక్కలో ఒక విలేకరి కూడా. 1980ల చివరికి ఈనాడు జిల్లాకొక చిన్న సైజు అనుబంధం మొదలుపెట్టింది. పెద్ద పేపర్లో చోటు దొరకని కలిగిరి, కావలి, ఆత్మకూరు కబుర్లు అందులో పడటం మొదలైంది. చదివేవాళ్లు పెరిగారు, స్థానిక ప్రకటనలూ వచ్చాయి. వ్యాపారంగా చూస్తే మంచి ఎత్తుగడ. దాన్ని చూసి మిగతా తెలుగు పత్రికలూ అదే బాట పట్టాయి. భారతీయ భాషా పత్రికల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ కూడా తన పుస్తకంలో ఈ జిల్లా అనుబంధాల గురించి ప్రత్యేకంగా రాశాడు.

కాబట్టి 1992లో ఒక ఊళ్లో ఆడవాళ్లు ప్యాకెట్లు తగలబెడితే ఆ సంగతి రాసి పంపే మనిషి పక్కనే ఉన్నాడు, అచ్చయ్యే పేజీ ఉంది, మర్నాడు ఉదయం మొదటి బస్సుకే పేపరు కట్ట ఆ ఊరి సెంటర్లో దిగేది. టీ కొట్టు దగ్గర ఒకడు చదివితే పదిమంది వినేవాళ్లు. రాత్రిబడిలో వాలంటీరు చదివి వినిపించేవాడు. కొత్తగా చదువు నేర్చినవాళ్లకు పెద్ద శీర్షికలు కూడబలుక్కుని చదవడం అప్పటికే వచ్చేసింది. ఊరి పేరు పేపర్లో పడిందంటే ఆ పేపరు చేతులు మారి నలిగిపోయేది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సారా చెడ్డదని నెల్లూరు ఆడవాళ్లకు పత్రిక చెప్పాలా? వెలగని పొయ్యి, వాచిన వీపు ముందే చెప్పాయి. వాళ్లకు తెలియనిది ఒక్కటే. పక్క ఊరి ఆడవాళ్లూ ఇలాగే రగిలిపోతున్నారని, ఇలా అడ్డం తిరిగిన చోట కొట్టు నిజంగానే మూతపడిందని. అభిప్రాయం ఎవరికి వాళ్లకు ఉంది. అది పదిమందిదీ అన్న ఎరుక లేదు. ఆ ఎరుకను పేజీ ఇచ్చింది. 'సారాపై సమరం'లో అన్నిటికంటే బలమైనవి వ్యాఖ్యలు కావు, సంపాదకీయాలూ కావు. ఆ ఊళ్ల పేర్ల వరసే.

అదే వరసను కలెక్టరూ చూశాడు, ఎస్పీ చూశాడు, ఎమ్మెల్యే చూశాడు. ఒక ఊళ్లో గొడవైతే స్టేషన్‌కు పిలిచి సర్దిచెప్పి పంపొచ్చు. పదుల ఊళ్ల పేర్లు రోజూ ఒకే పేజీలో అచ్చవుతుంటే సర్దిచెప్పడం ఎవరికి? పైగా కొట్టు మీదికి వెళ్లిన ఆడవాళ్లను కాంట్రాక్టరు మనుషులు బెదిరిస్తే అదీ మర్నాడు పేపర్లో వస్తుందన్న భయం ఒకటి పట్టుకుంది. నెల్లూరులో సారా వేలంపాటలు జరగాల్సిన రోజున ఆడవాళ్లు తరలివచ్చి అడ్డుకున్నారు. పాట వాయిదా పడింది. మళ్లీ తేదీ పెట్టారు, మళ్లీ వచ్చారు. ఇలా ఎన్నోసార్లు వాయిదాలు పడ్డాక 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధిస్తూ కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. 1994 డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రి అయిన ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధానికి పూనుకున్నారు. 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్యాకెట్ సారాను ఊళ్లకు చేర్చిన 'వారుణి వాహిని' కూడా ఆయన పాలనలోనిదే. రాజకీయాల్లో ఇలాంటివి మామూలే.

పత్రికల ప్రభావం గురించి అమెరికాలో జరిగిన ఒక పరిశోధన ఈ సందర్భంలో పనికొస్తుంది. 1968 అధ్యక్ష ఎన్నికలప్పుడు నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో మెకోంబ్స్, షా అనే ఇద్దరు అధ్యాపకులు ఎవరికి ఓటు వేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని కలిశారు. దేశంలో ముఖ్యమైన సమస్యలు ఏవని అడిగారు. ఆ జవాబులను, అదే సమయంలో పత్రికలు, టీవీ ఏ విషయాలకు ఎంత చోటిచ్చాయన్న లెక్కతో పోల్చారు. రెండు వరసలూ దాదాపు ఒక్కటే. జనం ఏ పక్షం వహించాలో పత్రిక నిర్ణయించలేకపోవచ్చు. దేని గురించి మాట్లాడుకోవాలో మాత్రం చాలావరకు అదే నిర్ణయిస్తోందని 1972లో వాళ్లు ప్రకటించిన వ్యాసం చెప్పింది. నెల్లూరు అనుభవం దీనికి ఇంకొంచెం జోడిస్తుంది. తాగుడు అనేది అంతవరకు ఇంటి గొడవ. ఆ పేజీ దాన్ని అసెంబ్లీ గొడవ చేసింది.

మరి ఆ పేజీ వెనక ఉద్దేశాలు? అప్పట్లోనే దీని మీద గుసగుసలు నడిచాయి. పోటీ పత్రిక 'ఉదయం' అప్పటికి మాగుంట సుబ్బరామిరెడ్డి చేతిలో ఉంది. ఆయన నెల్లూరు ప్రాంతంలో పేరుమోసిన మద్యం వ్యాపారి, ఒంగోలు నుంచి గెలిచిన కాంగ్రెస్ ఎంపీ. సారా మీద దెబ్బ కొడితే పోటీ పత్రిక డబ్బు మూలం మీద దెబ్బ కొట్టినట్టే. ఇంకోవైపు ఈనాడు 1983 ఎన్నికల నాటి నుంచీ తెలుగుదేశానికి అండగా ఉన్న పత్రిక. 1992లో అధికారంలో ఉన్నది కాంగ్రెస్. ఆడవాళ్ల కష్టం చూసి కాదు, సొంత లెక్కలు చూసుకుని ఆ పేజీ పెట్టారన్నది విమర్శకుల మాట. దాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. ఏ పత్రికా గాలి పీల్చి బతకదు, యజమాని లెక్కలు యజమానికి ఉంటాయి. కానీ ఆ లెక్కలు ఎన్ని ఉన్నా, ఊళ్లలో ఉద్యమం లేకపోతే ఆ పేజీలో వేయడానికి ఏమీ ఉండేది కాదు. పత్రికకు అవసరం పడింది, ఆడవాళ్లకు చోటు దొరికింది. రెండు దారులూ కొన్నాళ్లు కలిసి నడిచాయి.

ఊరికీ ఊరికీ, మనిషికీ మనిషికీ మధ్య వంతెన కట్టే ఈ పని తెలుగు పత్రికలకు కొత్తేమీ కాదు. 1874లో కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' మొదలుపెట్టినప్పుడు దాన్ని చదవగలిగినవాళ్లే కొద్దిమంది. అయినా కోర్టుల్లో, కచేరీల్లో లంచగొండుల మీద, భోగం మేళాల మీద, బాల్యవివాహాల మీద ఆయన రాసినవి రాజమండ్రి వీధుల్లో మంటలు రేపాయి. కొక్కొండ వెంకటరత్నం పంతులు 'ఆంధ్రభాషా సంజీవని' స్త్రీవిద్యను వెనకేసుకురావడం తప్పంటే, వీరేశలింగం 'హాస్య సంజీవని'తో తిప్పికొట్టారు. తిట్టుకున్నా, ఎకసెక్కాలాడుకున్నా ఆ వాదన అచ్చులో జరిగింది. అంతవరకు అరుగుల మీద పండితులు తేల్చేసే విషయం చదువుకున్న ప్రతివాడి ముందుకూ వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిగేసరికి ఊరు రెండుగా చీలి ఉంది. చీలడానికైనా ఒక వాదన ఉండాలి. ఆ వాదనను ఏడేళ్లుగా పెంచింది పత్రికలే.

నిజాం రాజ్యంలో సంగతి వేరు. అక్కడ సభ పెట్టాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. ఉర్దూ రాజభాష, తెలుగుకు బళ్లలోనూ కచేరీల్లోనూ చోటు లేదు. 1926 మే 10న హైదరాబాద్‌లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు. నిజాం రాష్ట్రంలో చెప్పుకోదగ్గ తెలుగు కవులే లేరని ఒక పండితుడు తేలిక చేసి రాస్తే ప్రతాపరెడ్డి ఆవేశపడి సంపాదకీయం రాసి ఊరుకోలేదు. కవులూ, మీ పద్యాలు పంపండి అని పత్రిక ద్వారా పిలుపిచ్చారు. మారుమూల పల్లెల నుంచి, సంస్థానాల నుంచి కవితలు వచ్చిపడ్డాయి. 1934లో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది ఉన్నారు. ఒక వాదనకు 354 పేర్లతో జవాబు. పండితుడి నోరు మూయించడం అందులో చిన్న సంగతి. తమలాగే తెలుగులో రాసేవాళ్లు ఇంతమంది ఉన్నారని ఆ 354 మందికి తెలియడం పెద్ద సంగతి. తర్వాతి ఏళ్లలో తెలంగాణలో ఎగసిన సాంస్కృతిక, రాజకీయ చైతన్యానికి వేసిన పునాదుల్లో ఆ సంచికను లెక్కేయకుండా చరిత్ర రాయడం కష్టం.

అదే హైదరాబాద్‌లో అభిప్రాయం అచ్చువేసినందుకు ప్రాణమే పోయిన ఘట్టమూ ఉంది. ఉర్దూ దినపత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల దౌర్జన్యాలను ఖండించాడు, హైదరాబాద్ భారత యూనియన్‌లో కలవాలని రాశాడు. ముస్లిం అయి ఉండి, ఉర్దూలో, రాజధాని నడిబొడ్డు నుంచి ఆ మాట రాయడమే రజాకార్లకు మింగుడుపడలేదు. హిందువులంతా ఒకవైపు, ముస్లింలంతా ఇంకోవైపు అన్న వాళ్ల ప్రచారాన్ని ఆ ఒక్క పత్రికే అబద్ధం చేస్తోంది. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే కాపుకాసి కాల్చారు. చేయి నరికారు. నెల తిరక్కుండానే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. పత్రిక ప్రభావం ఎంతటిదో ఒక్కోసారి దాన్ని ఇష్టపడేవాళ్ల కంటే భరించలేనివాళ్లే సరిగ్గా అంచనా వేస్తారు.

పత్రిక వల్ల కడుపు నిండుతుందా అని అడిగితే నవ్వొచ్చు. కానీ దీనికీ లెక్కలున్నాయి. 1943లో బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోతుంటే యుద్ధకాలపు సెన్సారు చాటున ప్రభుత్వం ఆ మాటే ఎత్తనివ్వలేదు. ఆగస్టు 22న కలకత్తా 'స్టేట్స్‌మన్' సంపాదకుడు ఇయన్ స్టీఫెన్స్ వీధుల్లో ఆకలి చావుల ఫొటోలు వేశాడు. రాతల మీద సెన్సారు ఉంది కానీ ఫొటోల ఊసు ఆ నిబంధనల్లో లేదు, ఆ సందు పట్టుకున్నాడు. కరువు ఉందని లండన్‌కు, ఢిల్లీకి ఒప్పుకోక తప్పలేదు. అమర్త్య సేన్ తర్వాత దీన్నొక సిద్ధాంతంగా నిలబెట్టాడు. స్వేచ్ఛగా రాసే పత్రికలు, ఎన్నికలు ఉన్న దేశంలో భారీ కరువు చావులు జరగనిచ్చి ఏ ప్రభుత్వమూ తప్పించుకోలేదంటాడు ఆయన. 2002లో టిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ అనే ఆర్థికవేత్తలు 1958 నుంచి 1992 దాకా 16 భారతీయ రాష్ట్రాల లెక్కలు తీసి చూశారు. పత్రికలు ఎక్కువ చదివే రాష్ట్రాల్లో పంట పోయినప్పుడు చౌకధరల దుకాణాలకు తిండిగింజలు ఎక్కువగా వచ్చాయి, వరదలొచ్చినప్పుడు సహాయానికి ప్రభుత్వాలు ఎక్కువ ఖర్చుపెట్టాయి. అందులోనూ ఈ పని చేయించింది ఇంగ్లిష్, హిందీ పత్రికలు కాదు, ప్రాంతీయ భాషల పత్రికలు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. రేషన్ బియ్యం ఆగిపోయిన ఊరి పేరు ఢిల్లీ పేపర్లో పడదు, జిల్లా పేజీలో పడుతుంది.

పడితే సరే. పడకపోతే?

1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో, 1991 ఆగస్టులో గుంటూరు జిల్లా చుండూరులో దళితుల మీద ఊచకోతలు జరిగాయి. పెద్ద పత్రికలు వార్తలు వేశాయి. ఆ వార్తల్లో దళితవాడ గొంతు ఎంత వినిపించింది, ఊరి పెద్దల గొంతు ఎంత వినిపించిందన్న ప్రశ్న అప్పుడే లేచింది. ఉద్యమకారులు జవాబు కోసం వేచి చూడలేదు. చుండూరుకు ముందే, 1989లో, 'నలుపు' లాంటి సొంత పత్రికలు పెట్టుకున్నారు. ఏడేళ్ల తర్వాత, 1996లో, ఢిల్లీ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ ఎంత వెతికినా తనకు ఒక్క దళిత జర్నలిస్టూ దొరకలేదని 'పయనీర్'లో రాస్తే దేశమంతా ఉలిక్కిపడింది. తెలుగు పత్రికల డెస్కుల్లో లెక్క తీసినా అప్పట్లో అంతకంటే గొప్పగా ఏమీ ఉండేది కాదు. ఊళ్ల పేర్ల వరస ఎంత పొడవున్నా, ఏ పేరు ఎక్కాలో, ఏది ఎక్కకూడదో నిర్ణయించే చేతులు కొన్ని ఇళ్లవే అయితే, ఆ ఇళ్లకు కనబడని వాడలు పేజీలోనూ కనబడవు. పత్రిక ఏం రాసిందని చర్చించుకుంటాం కానీ, ఏం రాయలేదన్నది కనిపెట్టడం చదువరికి దాదాపు అసాధ్యం. లేని వార్తను ఎవరు చదువుతారు?

సారా ఉద్యమానికి చివరికి పట్టిన గతి కూడా ఈ కోణంలోనే చూడాలి. మద్యనిషేధం వచ్చాక నాటుసారా, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ సరుకు, ఖాళీ అవుతున్న ఖజానా వార్తలయ్యాయి. అవి కట్టుకథలు కావు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. కానీ అయిదేళ్ల కింద రోజూ ఒక పేజీ దక్కిన ఆడవాళ్లు ఆ నిర్ణయం గురించి ఏమనుకుంటున్నారో ఊరూరా తిరిగి రాసిన పేజీ ఏదీ రాలేదు. ఒక ఊళ్లో మళ్లీ కొట్టు తెరిస్తే అడ్డుకున్న నలుగురు ఉండి ఉంటారు. వాళ్ల సంగతి పక్క ఊరికి తెలియలేదు. నిషేధం కావాలా వద్దా అన్నది వేరే చర్చ. నిషేధం రావడంలో పత్రికకు ఎంత పాత్ర ఉందో, అది చడీచప్పుడు లేకుండా పోవడంలోనూ అంతే ఉంది.

చోటు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఇంత విలువైనదైనప్పుడు దానికి ధర కట్టేవాళ్లు రాకుండా ఉంటారా? 2009 ఎన్నికల్లో వచ్చారు. మహారాష్ట్రలో ముఖ్యమంత్రి అశోక్ చవాన్‌ను పొగుడుతూ పోటీ పత్రికల్లో అక్షరం పొల్లుపోకుండా ఒకే వ్యాసం వచ్చిన తీరును పి. సాయినాథ్ 'హిందూ'లో బయటపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అభ్యర్థులకు 'ప్యాకేజీలు' అమ్మిన సంగతిని తెలుగు పాత్రికేయుల సంఘమే ముందుకొచ్చి చెప్పింది. అంత డబ్బు ఇస్తే ఇన్ని వార్తలు, ఫొటోతో అయితే ఇంత. ప్రకటన అని ఎక్కడా రాయరు. చదివేవాడు వార్త అనుకునే చదువుతాడు. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరిని విచారణకు వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, ఇంకొకరు తెలుగువారు కె. శ్రీనివాస్ రెడ్డి. పేర్లతో సహా వాళ్లిచ్చిన నివేదికను కౌన్సిల్ 2010లో కుదించి మాత్రమే విడుదల చేసింది. పూర్తి నివేదిక వెలుగు చూడటానికి కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావాల్సి వచ్చింది. పత్రికల గురించిన వార్తే ఇన్నాళ్లు తొక్కిపెట్టారు. 2011లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను, వార్త ముసుగులో వేయించుకున్న ప్రచారానికి పెట్టిన ఖర్చు లెక్కల్లో చూపనందుకు, ఎన్నికల సంఘం అనర్హురాలిగా ప్రకటించింది. వేసిన పత్రికలకు శిక్ష ఏమీ పడలేదు.

ఈ అమ్మకం అంతా పై అంతస్తుల్లోనే జరుగుతుందనుకుంటే పొరపాటే. దూబగుంట లాంటి ఊరి వార్తను పేజీకి చేర్చే మండల విలేకరి చాలా పత్రికల్లో జీతగాడు కాదు. అచ్చయిన వార్తల నిడివిని కొలిచి ఇచ్చే కొద్దిపాటి సొమ్ము అతని పెట్రోలు ఖర్చుకే సరిపోదు. దసరాకు, సంక్రాంతికి, పత్రిక వార్షికోత్సవానికి ప్రకటనలు తెచ్చే పని కూడా అతని మీదే పడుతుంది. తెచ్చినదాంట్లో కమీషనే అతని అసలు ఆదాయం. ఆ ప్రకటనలు ఇచ్చేది ఎవరు? ఇసుక కాంట్రాక్టరు, రైస్‌మిల్లు యజమాని, ప్రైవేటు కాలేజీ, అధికార పార్టీ మండల నాయకుడు. కొన్ని ఊళ్లలో మద్యం దుకాణం లైసెన్సుదారు కూడా. రేపు ఏదైనా ఊళ్లో ఆడవాళ్లు బెల్టు షాపు ముందు కూర్చుంటే ఆ సంగతి మొదట తెలిసేది ఆ విలేకరికే. రాయాలా వద్దా అని తేల్చుకోవాల్సిందీ అతనే. ప్రకటన డబ్బులు ఇంకా రావాల్సి ఉన్న మనిషి దుకాణం గురించి రాయడానికి అతనికున్న ధైర్యాన్ని బట్టే ఆ వార్త పక్క ఊరికి చేరుతుందో లేదో తేలుతుంది.